మస్తానమ్మ తీసుకోదు మేడమ్

మొన్న మా లాడ్జిలో ఏం జరిగిందో చెప్తాను, వినండి. నా నిజాయితీ దెబ్బకు అమెరికా నుంచి వచ్చిన ఒక పెద్దామె తన గది బాత్రూం తానే కడుక్కుంది. ఆ బాత్రూం కడగాల్సినామె పని మానేసి ఇంట్లో కూర్చుంది. పోనీ వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారా అంటే అదీ లేదు. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఇద్దరి మధ్యలో ఉన్నది నేనొక్కణ్ణే.

నేను మార్కాపురం బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో మేనేజర్ని. పేరు చెన్నకేశవులు. చదువు పదో తరగతితో ఆగింది, అదీ కొనకనమిట్లలో. మాది పెద్ద లాడ్జి కాదు. శ్రీశైలం పోయే భక్తులు, పలకరాయి కొనడానికి వచ్చే వ్యాపారులు, ఆసుపత్రి పని మీద గిద్దలూరు, కంభం వైపు నుంచి వచ్చే రైతులు, వీళ్లే మాకు వచ్చేవాళ్లు. పొద్దున్నే లేవడం, లేచిన దుప్పటి మడతపెట్టడం, ఒకరి దగ్గర చేయి చాపకపోవడం, ఈ మూడూ మా నాయన నాకు నేర్పినాడు. నాలుగోది ఏదైనా నేర్పి ఉంటే ఈ కథ ఉండేది కాదేమో.

లాడ్జిలో ఒక రూలుంది. పెట్టింది నేనే. పనిచేసే వాళ్లెవరూ టిప్పు తీసుకోకూడదు. గదిలో ఏది దొరికినా, నోటైనా దువ్వెనైనా, కౌంటరుకు తెచ్చి ఇవ్వాలి. నేను దాన్ని కవర్లో పెట్టి, గది నంబరు రాసి, ఎవరిది వాళ్లకు అప్పజెబుతాను.

ఈ రూలు ఊరికే పెట్టలేదు. మా దిక్కు నీళ్ల సంగతి మీకు తెలిసిందే. ఎండాకాలం వచ్చిందంటే ట్యాంకరు కోసం ఎదురుచూపులు. నేను పనిలో చేరిన కొత్తలో, టిప్పు ఎవరిస్తే వాళ్ల గదికే వేడినీళ్ల బకెట్టు ముందు పోయేది. ఒకసారి పొదిలి దగ్గరి రైతు ఒకాయన బాలింత కూతుర్ని ఆసుపత్రికి తీసుకొచ్చి మా దగ్గర దిగాడు. టిప్పు ఇవ్వాలన్న సంగతే ఆయనకు తెలియదు. ఆ పిల్ల పొద్దున్నుంచీ తలుపు పట్టుకుని నీళ్ల కోసం చూస్తూ ఉంటే, పక్కగదిలోని సిమెంటు ఏజెంటుకు రెండో బకెట్టు పోతోంది. ఆ బకెట్టు నేనే గుంజుకుని ఆ పిల్లకిచ్చి, ఆ రోజే రూలు చెప్పేశాను. నచ్చని వాళ్లు వెళ్లిపోయారు. మస్తానమ్మ ఉండిపోయింది.

మస్తానమ్మ మా దగ్గర గదులు శుభ్రం చేస్తుంది. తర్లుపాడు రోడ్డు వైపు కాలనీలో ఇల్లు. యాభై దాటినామె. ఆమె దుప్పటి పరిస్తే దాని మీద ముడత ఉండదు. పనిచేసేటప్పుడు గదితో మాట్లాడుతుంది. "ఏందే నీకింత దుమ్ము, నిన్ననే గదా తుడిచినా" అని కిటికీని తిడుతుంది. బల్లను బుజ్జగిస్తుంది. పక్కగది వాళ్లు లోపల ఎవరో ఉన్నారనుకుంటారు.

అట్లాంటి మా లాడ్జికి ఈ మధ్య అమెరికా నుంచి రూత్ అనే ఆమె వచ్చింది. డెబ్బై ఏళ్లకు దగ్గర్లో ఉంటుంది. ఆమె భర్త అక్కడ ఇళ్లకు రాతిబండలు పరిచే మేస్త్రీ. మోకాళ్లు అరిగిపోయి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. ఈమె చిన్న బండల దుకాణం నడుపుతోంది. ఇన్నేళ్లూ మన పలకరాయిని ఫొటోల్లో చూసి తెప్పించుకుంది. ఒకసారి గనుల దగ్గరే నిలబడి, రాయి చేత్తో తడిమి చూసి కొనుక్కోవాలని ఇంత దూరం వచ్చింది. ఒంగోలులో ఏసీ హోటళ్లున్నాయి గానీ, అక్కడుంటే రోజులో సగం కార్లోనే పోతుందని మా దగ్గర దిగింది. ఆమెను తిప్పే కారు బాషాది. బాషా మా ఊరివాడే. రాయి కొనే విదేశీయుల్ని ఏళ్లుగా తిప్పి తిప్పి ఇంగ్లీషు ఒంటబట్టించుకున్నాడు. నన్ను మామా అంటాడు.

మొదటిరోజు ఆమె పెట్టె నేనే పైకి మోశాను. గది దగ్గర ఆమె పర్సులోంచి నోటు తీసింది. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను.

"నో మేడమ్. డ్యూటీ," అన్నాను.

ఆమె సిగ్గుపడి నోటు లోపల పెట్టుకుంది. నాకు చాలా తృప్తిగా అనిపించింది. మన ఊరి మర్యాద ఆమెకు తెలిసింది అనుకుంటూ మెట్లు దిగాను. ఆ తృప్తితోనే చెడ్డాను.

ఆమె పొద్దున్నే బాషా కారెక్కి గనులకు పోతుంది. అప్పటికి మస్తానమ్మ ఇంకా పైగదులకు రాదు. రూత్ పొద్దుగూకేటప్పుడు తిరిగొస్తుంది. అప్పటికి మస్తానమ్మ ఇంటికి పోయి ఉంటుంది. ఇద్దరూ ఒకసారి మెట్ల మీద ఎదురుపడి నవ్వుకున్నారంట, అంతే. ఆ గదే వాళ్లిద్దరికీ పరిచయం.

మరుసటి రోజు మస్తానమ్మ నూరు రూపాయల నోటు పట్టుకుని కౌంటరుకు వచ్చింది.

"అన్నా, రూతమ్మ దిండు మీద మరచిపోయి పోయింది."

ఎక్కడి అమెరికా, ఎక్కడి రూత్. ఒక్క రోజులో ఆమెను రూతమ్మను చేసేసింది.

నాకు సంగతి అర్థమైంది. వాళ్ల దేశంలో హోటల్లో గది శుభ్రం చేసే వాళ్లకు పొద్దున్నే దిండు మీద డబ్బు పెట్టి పోవడం మర్యాదని బాషా ఎప్పుడో చెప్పాడు. పెట్టకపోతే తప్పు పడతారంట. అయితే వాళ్ల మర్యాద వాళ్లది, మన రూలు మనది. మస్తానమ్మకు నేనేమీ చెప్పలేదు. చెప్పి ఆశ పెట్టడమెందుకు? నోటు కవర్లో పెట్టాను. ఆ సాయంత్రం గది తాళంతో పాటు రూత్ చేతికిచ్చాను.

"ఇది గది శుభ్రం చేసే ఆమెకు," అని ఆమె ఇంగ్లీషులో నిదానంగా చెప్పింది.

నాకు వచ్చిన ఇంగ్లీషులో నేను ఛాతీ విరుచుకుని చెప్పాను. "మస్తానమ్మ విల్ నాట్ టేక్, మేడమ్."

మా పనిమనిషి గొప్పతనం చెప్పాననుకున్నాను నేను. ఆమె ముఖం మాత్రం చిన్నబోయింది. ప్రయాణం అలసట అనుకున్నాను.

మరుసటి రోజు దిండు మీద ఐదు వందల నోటు.

"అన్నా, పాపం ఈమెకు మతిమరుపు ఉన్నట్టుంది," అంది మస్తానమ్మ, నోటు నా ముందు పెడుతూ. "ఇంత వయసులో ఒంటరిగా పంపించినారు. తోడు ఎవరైనా రాగూడదా?"

"నీ పని నువ్వు చూసుకో," అన్నాను. సాయంత్రం ఆ నోటూ కవర్లో పెట్టి ఇచ్చాను. "నాట్ టేక్ మేడమ్. నెవర్."

ఆ మరుసటి రోజు డబ్బు లేదు. బొమ్మల కాగితం చుట్టిన వాసన సబ్బు, దాని పక్కన చాక్లెట్ల పొట్లం ఉన్నాయి. ఒక కాగితం మీద థాంక్యూ అని రాసి, పక్కన నవ్వుముఖం గీసి ఉంది. మస్తానమ్మ సబ్బును ఒకసారి వాసన చూసి నా బల్ల మీద పెట్టింది.

"సబ్బు బాత్రూంలో పెట్టుకోవాలని కూడా మరచిపోయింది, చూసినావా? నాకు భయమేస్తా ఉందన్నా."

నేను రూలు తప్పలేదు. సబ్బూ, చాక్లెట్లూ, నవ్వుముఖమూ అన్నీ కవర్లో పెట్టి ఇచ్చేశాను. చాక్లెట్లు కొంచెం మెత్తబడ్డాయి. అది ఎండ తప్పు.

ఇక్కడ నాకు తెలియకుండా జరుగుతున్నదొకటి ఉంది. మతిమరుపు మనిషి కదా అని మస్తానమ్మ ఆ గదిని ప్రత్యేకంగా సర్దడం మొదలుపెట్టింది. మందుల డబ్బా కనబడేట్టు నీళ్ల సీసా పక్కనే పెట్టింది. కళ్లజోడు పెట్టె దిండు పక్కన పెట్టింది. లేవగానే వంగకుండా, తిరగకుండా కాళ్లు దూర్చుకోవడానికి వీలుగా చెప్పులు రెండూ మంచం పక్కన, ముందు భాగం తలుపు వైపుకు తిప్పి వరసగా పెట్టింది. కన్నతల్లికి కూడా ఎవరూ అట్ల సర్దరు.

ఆ తర్వాతి రోజు మస్తానమ్మ పైకి పోయి, అంతలోనే దిగొచ్చింది. చేతిలో చీపురుంది గానీ చీపురుకు దుమ్ము అంటలేదు.

"అన్నా, గది చేసేసి ఉంది."

"ఎవరు చేసినారు?"

"ఆమే. దుప్పటి పరిచింది. బాత్రూం కూడా కడిగింది. నేల ఇంకా తడిగా ఉంది." చీపురు గోడకు ఆనించింది. "నా పని నచ్చలేదా అన్నా ఆమెకు?"

నేను గట్టి మనిషిని కదా, ధైర్యం చెప్పాలని తోచలేదు. "పనిలో లోపం ఏమైనా ఉందేమో చూసుకో. ఉంటే దిద్దుకో," అన్నాను.

మస్తానమ్మ మళ్లీ పైకి పోయి, కడిగిన బాత్రూమే మళ్లీ కడిగి వచ్చింది. మరుసటి రోజు కూడా అదే తంతు. ఈసారి రూత్ కిటికీ కూడా తుడిచింది. మస్తానమ్మ తిట్టుకోవడానికి కిటికీ మీద దుమ్ము కూడా మిగల్లేదు.

ఇక నేను కల్పించుకోవాల్సిందే అనుకున్నాను. కస్టమరు గది కడుక్కోవడం లాడ్జికి మర్యాద కాదు. మార్కాపురంలో పలకలకు కొదవా? కౌంటరు కింద నుంచి మంచి పలక ఒకటి తీసి, స్కేలు పెట్టి గీతలు గీసి, పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. నో మనీ. నో గిఫ్ట్. నో క్లీనింగ్. బై ఆర్డర్. నా దస్తూరి బాగుంటుంది, అందులో సందేహం లేదు. తీసుకుపోయి ఆమె గదిలో అద్దం పక్కన మేకుకు తగిలించాను.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ మస్తానమ్మ కౌంటరు దగ్గర నిలబడింది.

"రేపట్నుంచి నేను రానన్నా. వేరే ఆమెను చూసుకో."

"ఏందిది మస్తానమ్మా, ఇంత చిన్న సంగతికి?"

"చిన్నది కాదన్నా. నా పని నచ్చక అంత పెద్దామె వంగి బండలు కడుక్కుంటా ఉంటే, నేను జీతం ఎట్ల తీసుకునేది? చేయని పనికి డబ్బు తీసుకోగూడదని నువ్వే గదా చెప్తావు."

నా మాట నాకే అప్పజెప్పింది. తెల్లారితే కోపం తగ్గి వస్తుందిలే అనుకున్నాను. ఆమెది కోపం కాదన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

తెల్లారింది. మస్తానమ్మ రాలేదు. మెట్ల మీద పెట్టె దొర్లుతున్న చప్పుడైంది. చూస్తే బాషా పెట్టె మోసుకుని దిగుతున్నాడు. వెనకాల రూత్.

"మామా, బిల్లు చెయ్యి. రూతమ్మ ఇయ్యాలే ఒంగోలు పోతుందంట."

"ఇంకా నాలుగు రోజులుంటానన్నది గదా?"

"ఏమో మరి. కళ్లు చూడు, ఎర్రగా ఉన్నాయి. నువ్వేమన్నా అన్నావా?"

"నేనేమంటాను? ఆమెతో నో అన్న మాట తప్ప ఇంకో మాట మాట్లాడి ఎరగను."

రూత్ బాషా చేయి పట్టుకుని ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. బాషా తలూపుతూ విని నా వైపు తిరిగాడు.

"మామా, ఆమె అడిగేదేందంటే, ఆ గది చేసే ఆమెకు నా వల్ల జరిగిన తప్పేంది అని. మొదటిరోజు పెట్టింది తక్కువై అవమానమైందేమో అని తర్వాత ఎక్కువ పెట్టినాదంట. అదీ వద్దందంట. డబ్బుతో కొలిచినట్టు అనిపించిందేమో అని సబ్బు పెట్టినాదంట. అదీ వద్దందంట. నా పని చేయడమే ఆమెకు ఇష్టం లేదేమో, ఎందుకు కష్టపెట్టాలి అని తానే చేసుకుంటే, ఆ పనీ చెయ్యొద్దని పలక మీద రాసి తగిలించిందంట. అన్నిటికన్నా ఒకటి మనసుకు కష్టమైందంట."

"ఏంది?"

"రోజూ ఆమె చెప్పులు తలుపు వైపుకు తిప్పి పెడతా ఉందంట. ఇంక పో అని."

నేను కుర్చీలో కూర్చున్నాను.

"పలక రాసింది నేను బాషా," అన్నాను.

"నువ్వా?"

"నేనే."

"మరి వద్దన్నది?"

"అదీ నేనే."

"మస్తానమ్మత్త ఏమనింది?"

"ఆమెను నేను అడగలేదు."

బాషా రూత్‌కు ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఒక్కటే అడిగింది, బాషా తెలుగులో చెప్పాడు. "ఇవన్నీ ఆమె కోసం పెట్టినానని ఆమెకు ఇప్పటికీ తెలియదా?"

తెలియదని తల అడ్డంగా ఊపాను. నో అనే మాట ఆ రోజు మొదటిసారి నోటికి రాలేదు.

"ఆమె ఇంటికి తీసుకుపోండి," అంది రూత్.

కౌంటరు తాళాలు ఎదురుగా ఉన్న టీ దుకాణం ఆయన చేతిలో పెట్టి కారెక్కాను. పనివేళలో కౌంటరు వదిలి పోవడం నా ఉద్యోగంలో అదే మొదలు. దారిలో బాషా ఉన్నట్టుండి నవ్వుతున్నాడు, ఆపుకుంటున్నాడు, మళ్లీ నవ్వుతున్నాడు. స్టీరింగు ఊగుతోంది. "ముందు చూసి నడుపు," అన్నాను. "చూస్తానే ఉన్నా మామా. చెప్పులు గుర్తొస్తా ఉన్నాయి," అన్నాడు.

మస్తానమ్మ వాకిట్లో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. కారు ఆగడం, అందులోంచి నేనూ, రూత్ దిగడం చూసింది. చేట కింద పెట్టి లేచి నిలబడింది.

"అన్నా," అంది, "ఆమె వస్తువు ఏమన్నా పోయిందా? నేను ఏమీ తీయలేదన్నా. ఇల్లంతా చూసుకోండి."

ఇన్నేళ్లు ఎవరి సొమ్మూ ముట్టని మనిషి చేత ఆ మాట అనిపించాను చూడండి. బాషానే గబగబా అందుకున్నాడు.

"అయ్యో అత్తా, అదేం కాదు. దిండు మీద నోట్లు ఉన్నాయే, అవి ఆమె మరచిపోయినవి కాదంట. నీకని పెట్టినాదంట."

"నాకా?"

"నీకే."

"రోజూ?"

"రోజూ."

"మరి సబ్బు?"

"సబ్బూ నీకే. అది ఆమె ఇంటినుంచి తెచ్చుకున్న సబ్బంట."

మస్తానమ్మ నా వైపు తిరిగింది. "అన్నా, నువ్వు ఆమెకు ఏమని చెప్పినావు?"

"నువ్వు తీసుకోవని చెప్పినా."

"నేను ఎప్పుడైనా అన్నానా ఆ మాట?"

"అనలేదు. రూలుంది గదా అని..."

"రూలు నీది గదన్నా. మా లాడ్జి రూలు అని చెప్పి ఉంటే అయిపోయేది. నా పేరెందుకు చెప్పినావు? ఆ పెద్దామె నన్ను ఎంత పొగరుదాన్ననుకుని ఉంటుంది?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేవాణ్ణి. వాకిట్లో నిలబడి నా కాళ్ల వైపు నేను చూసుకున్నాను. ఒకరు చెప్పని మాట వాళ్లు చెప్పారని చెప్పడాన్ని అబద్ధం అంటారు. పదో తరగతి దాకా అక్కర్లేదు, ఒకటో తరగతిలోనే చెప్తారు.

మస్తానమ్మ నన్ను వదిలేసి రూత్ దగ్గరికి పోయింది. ఆమె చెయ్యి పట్టుకుని తెలుగులోనే చెప్పింది.

"నేను నీకు మతిమరుపు అనుకున్నా తల్లీ."

బాషా వైపు తిరిగింది.

"చెప్పు రా ఆమెకు."

"ఇది చెప్పాల్నా అత్తా?"

"చెప్పు. అందుకనే మందులు కనబడేట్టు పెట్టినా, చెప్పులు సర్ది పెట్టినా. అట్ల పెడితే మంచం దిగి నేరుగా కాళ్లు దూర్చుకోవచ్చని. పొమ్మని కాదు."

బాషా చెప్పాడు. రూత్ ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని మస్తానమ్మ కంగారుపడింది. ఏడవడం లేదు, నవ్వుతోంది. నవ్వీ నవ్వీ నిజంగానే కళ్లనీళ్లు వచ్చాయి. మస్తానమ్మ తన కొంగుతో ఆ కళ్లు తుడిచింది. తుడిచాక, ఒక కస్టమరును ముట్టుకున్నానే అని నా వైపు బెరుకుగా చూసింది. నేను అటువైపు తిరిగి చేటలోని కందిపప్పును చూశాను.

రూత్ కారులోంచి సబ్బు, నోటు తెచ్చి మస్తానమ్మ చేతిలో పెట్టబోయింది. మస్తానమ్మ సబ్బు తీసుకుంది. రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది. నోటు మాత్రం రూత్ గుప్పెట్లోకే మడిచేసింది.

"ఇది నువ్వు మీ ఊరు పోయే రోజు ఇయ్యి, అప్పుడు తీసుకుంటా. ఇప్పుడిస్తే నీ గదికి నీళ్లు ముందు తీసుకుపోవాలని నాకే అనిపిస్తుంది. ఆ బాలింత పిల్లను నేనూ చూసినా."

ఆ మాట నేను అడిగి ఉంటే, వారం ముందే నాతో చెప్పేది. అడగలేదు కాబట్టి ఇంత దూరం కారులో వచ్చి వినాల్సి వచ్చింది.

రూత్ పోదామన్నట్టు కారు వైపు తిరిగింది. మస్తానమ్మ ఊరుకుంటుందా? మొదటిసారి ఇంటికి వచ్చిన ఆడమనిషిని ఉత్త చేతులతో పంపిస్తుందా? లోపలికి పోయి కుంకుమ భరిణె, ఆకుపచ్చ రవికగుడ్డ, రెండు అరటిపండ్లు తెచ్చింది. రూత్‌ను పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టింది. రవికగుడ్డ ఒళ్లో పెట్టింది. రూత్ దాన్ని వేళ్లతో తడిమి చూసింది, గనిలో రాయిని చూసినట్టు. తర్వాత నా వైపు అనుమానంగా చూస్తూ బాషాతో ఏదో అంది.

"ఏమంటా ఉంది?" అన్నాను.

"ఇది తీసుకోవచ్చా, లేకపోతే కవర్లో పెట్టి నీకు ఇవ్వాలా అని అడుగుతా ఉంది మామా."

"తీసుకోమను," అన్నాను. "కస్టమర్లకు రూలు లేదు."

ఆ పెట్టె మళ్లీ మా లాడ్జి మెట్లెక్కింది. ఈసారి కూడా నేనే మోశాను. అద్దం పక్కన పలక నేనే తీసి, తడిగుడ్డతో తుడిచేశాను. మిగిలిన నాలుగు రోజులూ మస్తానమ్మ పొద్దున్నే, రూత్ గనికి పోకముందే పైకి పోయేది. పైనుంచి తెలుగు ఒక గొంతు, ఇంగ్లీషు ఒక గొంతు వినబడేవి. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాదు. అయినా ఎక్కడ నవ్వాలో ఇద్దరికీ తెలిసేది. ఒకరోజు చూస్తే దుప్పటికి చెరోవైపు నిలబడి ఇద్దరూ కలిసి పరుస్తున్నారు. కస్టమరు పని చేయకూడదు అని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు అట్లే మూసుకుని దిగొచ్చాను.

ఇప్పుడు మా లాడ్జిలో రూలు కొంచెం మారింది. ఉన్నన్నాళ్లూ ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు, అందరికీ నీళ్లు ఒకటే. గది ఖాళీ చేసి పోయే రోజు, ఇష్టమైతే, ఎవరికివ్వాలో వాళ్ల చేతికే ఇవ్వవచ్చు. తీసుకోవడం, మానడం వాళ్ల ఇష్టం. వాళ్ల తరఫున నేను ఏ భాషలోనూ జవాబు చెప్పను.

రూత్ పోయే రోజు వచ్చింది. కారు దగ్గర మస్తానమ్మను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నోటు ఇచ్చింది, ఈమె తీసుకుంది. రూత్ నుదుట బొట్టు పెట్టించుకుంది. నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను. అంతే. పర్సు వైపు ఆమె చెయ్యి పోనే లేదు. మంచి పని చేసింది అనుకున్నాను. మనిషికి నేర్పితే ఇట్ల నేర్పాలి అనుకున్నాను.

కారు సందు మలుపు తిరిగింది. మస్తానమ్మ ఇంకా రోడ్డు మీదే నిలబడి చూస్తోంది. నేను పైకి పోయాను. ఫ్యాను ఆపిందో లేదో చూడాలి కదా. ఫ్యాను ఆపే ఉంది. అయినా నేను వెనక్కి రాలేదు.

నిజం చెప్పుకోవాలి. డబ్బు నాకు వద్దు. కానీ ఆ బరువు పెట్టె రెండుసార్లు మోసింది నేను. కౌంటరు వదిలి పోయింది నేను. వాకిట్లో తల దించుకుని నిలబడింది నేను. ఒక చిన్న కాగితం, దాని మీద థాంక్యూ అనే మాట ఉండకూడదా? నవ్వుముఖం లేకపోయినా పర్వాలేదు. ఒక దిండు ఎత్తి చూశాను. లేదు. రెండోది ఎత్తి చూశాను. దిండు గలీబు లోపలికి చెయ్యి పోనిచ్చి మూలమూలా వెతికాను.

"ఏం పోగొట్టుకున్నావన్నా?"

తలుపు దగ్గర మస్తానమ్మ, చేతిలో చీపురు.

"ఏమీ లేదు," అన్నాను, చెయ్యి గలీబులోంచి తీయకుండానే. "నువ్వు గది సరిగ్గా చేసినావో లేదో చూస్తా ఉన్నా."

"నేను ఇంకా లోపలికి రానే లేదు గదన్నా."

మేనేజర్ని కదా, ఒకసారి గట్టిగా దగ్గి, దిండు ఎక్కడిదక్కడ పెట్టి, ఆమె పక్కనుంచి మెట్లు దిగి వచ్చేశాను.